కనబడని శ్రోత

గోదావరీనది పాపికొండలలో ప్రవేశించుటకు ముందు భద్రాచలము చెంత విశాలమై ప్రవహించును. నదికి ఇరుప్రక్కల పంటపొలములును, వానిని దాటినంతనే టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లతో నిండిన అడవియు కలవు. అడవి నడుమ కోయల గూడెములు పది యిండ్లుగా, ఇరువది యిండ్లుగా అక్కడక్కడ నుండును. పూర్వము ఈ గూడెములకు ఒక వార్త చేరవలెనన్నచో ఒక మనుష్యుడు నడచిపోవలసి యుండెను. ఊరిలో వేయించిన దండోరా ఊరి పొలిమేర దాటెడిది కాదు. సంతనాడు విన్న మాట మరుసటి సంతవరకు క్రొత్త మాటగానే చెల్లుచుండెను. అట్టి సీమకు కాలినడక లేకయే, పడవ లేకయే చేరగల మాట యొకటి వచ్చెను. అదియే రేడియో.

రేడియోలో మాటలాడు వ్యక్తిని తొలుత ప్రకటనకర్త యనిరి. కొన్ని సందర్భములలో వ్యాఖ్యాత యనిరి. నేడు పట్టణములలో రేడియో జాకీ యని పిలుచుచున్నారు. పేరు మారినను పనిలోని సారము మారలేదు. ఒక గదిలో ఒంటరిగా కూర్చుండి, కంటికి కనబడని వేలకొలది జనులతో, ఎదుట నున్న ఒక్క మనిషితో మాటలాడినట్లు మాటలాడవలెను. బయటనుండి చూచువారికి ఇది వేడుకగా తోచును. కాని యీ వృత్తిలో గొప్ప బాధ్యత కలదు. అది యెట్టిదో ఖమ్మము, భద్రాచలముల అటవీసీమను చూచినచో చక్కగా బోధపడును.

ఖమ్మము జిల్లా 1953లో వరంగల్లు జిల్లానుండి విడివడి యేర్పడెను. గోదావరికి ఆవలి యొడ్డున నున్న భద్రాచలము ప్రాంతము తూర్పుగోదావరి జిల్లానుండి 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చి చేరెను. 2014లో రాష్ట్రవిభజన జరిగినపుడు పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోయెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడెను. దీనికి ఒక సరిహద్దున ఛత్తీస్‌గఢ్, మరియొక సరిహద్దున ఆంధ్రప్రదేశ్ ఉన్నవి. ఒడిశా కూడ దూరము కాదు. ఎల్లలు ఇన్నిమార్లు మారినను ప్రజల భాషలు మారలేదు. ఈ సీమలోని సంతకు పోయినచో తెలుగు, కోయ, లంబాడీ భాషలు ఒక్కచోటనే వినవచ్చును. ఇట్టిచోట పదిమందికి తెలియునట్లు మాటలాడుట సులభమైన పని కాదు.

జాకీ యను మాట ఇంగ్లీషు భాషనుండి వచ్చినది. పందెపు గుఱ్ఱమును నడపువానిని జాకీ యందురు. డిస్కు అనగా గ్రామఫోను రికార్డు. రికార్డులను ఒకదాని వెంట నొకటి నడుపువాడు గనుక డిస్క్ జాకీ యను పేరు వచ్చెను. అమెరికాలో ఈ వృత్తి ప్రసిద్ధికి వచ్చిన విధము ఆసక్తికరముగా నుండును. 1935లో ఒక పెద్ద నేరవిచారణ జరుగుచుండగా న్యూయార్కులోని యొక రేడియో కేంద్రము దాని వార్తలను ప్రసారము చేయుచుండెను. వార్తకును వార్తకును నడుమ చాల వ్యవధి కలుగుచుండెను. మార్టిన్ బ్లాక్ అను ప్రకటనకర్త అంగడికి పోయి రికార్డులు తెచ్చి, వాద్యబృందము తన యెదుటనే యున్నట్లు మాటలాడుచు, ఆ వ్యవధిలో వానిని వినిపించెను. జనులు వార్తలకంటె దానినే మిక్కిలి మెచ్చుకొనిరి. రికార్డులోని పాట పాతదే. దానిని పరిచయము చేసిన మాట మాత్రము క్రొత్తది. ఆ మాటయే యీ వృత్తికి పునాది యయ్యెను.

తెలుగుదేశమునకు రేడియో కొద్దికొద్దిగా చేరెను. హైదరాబాదులో నిజాము ప్రభుత్వమువారి దక్కన్ రేడియో 1935లో ప్రసారములు సాగించెను. 1938లో మద్రాసు కేంద్రము వెలసి తెలుగువారికిని, తమిళులకును సేవ చేసెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమయ్యెను. దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసిపోయెను. ఆ దినములలో రేడియో పెట్టె ధనవంతుల యిండ్లలోను, పంచాయతీ కార్యాలయములలోను మాత్రమే యుండెడిది. సాయంకాలము పంచాయతీ అరుగుమీద ఊరివారందరు కూడి వినుచుండిరి.

సినిమాపాటల విషయమున ఆకాశవాణి మొదట కొంత బిగువు చూపెను. 1952లో సమాచార ప్రసార శాఖకు మంత్రియైన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతమునందు అభిమానము కలవాడు. ఆయన కాలమున సినిమాపాటలు తగ్గిపోయెను. శ్రోతలు వెంటనే రేడియో ముల్లును సిలోన్ వైపు త్రిప్పిరి. ఆ సంవత్సరము డిసెంబరులోనే సిలోన్ రేడియోలో బినాకా గీత్‌మాలా యను కార్యక్రమము మొదలయ్యెను. దానిని నిర్వహించిన అమీన్ సయానీ నాలుగు దశాబ్దములు శ్రోతల యభిమానమును చూఱగొనెను. ముందుగా సోదరీమణులను, పిదప సోదరులను సంబోధించుట ఆయన అలవాటు. వంటయింట పని చేయుచు వినుచున్న స్త్రీని ఆయన మఱువలేదు. ఆయన 2024లో మరణించినపుడు ఎన్నడును ఆయన ముఖము చూడనివారు సైతము దుఃఖించిరి. శ్రోతలు తరలిపోవుటను గమనించి ఆకాశవాణి 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతిని ప్రారంభించెను. జనులు కోరినదానిని గౌరవింపక వారిని రంజింపజేయుట సాధ్యము కాదని ఈ చరిత్ర తెలుపుచున్నది.

అడవిసీమకు రేడియోను తెచ్చినది ట్రాన్సిస్టరు. 1947లో అమెరికాలో కనుగొనబడిన యీ చిన్న సాధనము వలన రేడియోకు పెద్ద గాజుబుడ్లతోను, విద్యుత్తీగెతోను అవసరము లేకపోయెను. రెండు మూడు బ్యాటరీలున్నచో చాలును. పశువులు కాయువాడు భుజమునకు తగిలించుకొని పోవచ్చును. మంచెమీద కావలి కాయు రైతు రాత్రి ప్రక్కన పెట్టుకొనవచ్చును. కరెంటు రాని గూడెమునకు సైతము మాటయు, పాటయు వచ్చెను. ఆనాటినుండి ప్రకటనకర్తయొక్క శ్రోత మారిపోయెను. వాడు ఇక చదువుకొన్న పట్టణవాసి మాత్రమే కాడు. అక్షరమెఱుగని రైతు, చుట్టుప్రక్కల ఇరుగుపొరుగు లేని గూడెపు స్త్రీ కూడ శ్రోతలైరి.

కంటికి కనబడని శ్రోతకు కన్నులిచ్చుట యెట్లో భద్రాచలము నుండియే నేర్చుకొనవచ్చును. చైత్రశుద్ధ నవమినాడు అచ్చట సీతారామకల్యాణము జరుగును. మిట్టమధ్యాహ్నమున అభిజిల్లగ్నమందు వధూవరుల శిరస్సులపై జీలకఱ్ఱ బెల్లము నుంతురు. అటుపిమ్మట ముత్యాల తలంబ్రాలు పోయుదురు. ఆ యుత్సవమును చూడగోరువారందరు భద్రాచలము రాలేరు. ముసలివారు, రోగులు, దూరదేశమున నున్నవారు ఇంటనే యుండవలసినవారు. వారికొఱకు ఆకాశవాణి ఆ కల్యాణమును ప్రత్యక్షముగా వినిపించెను. దూరదర్శనము ఇంటింటికి రాని రోజులలో శ్రీరామనవమినాటి మధ్యాహ్నము తెలుగువారి వీధులన్నింట ఒక్కటే కంఠము వినవచ్చుచుండెడిది.

ఆ కంఠము ఉషశ్రీది. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928లో జన్మించి 1990లో మరణించెను. విజయవాడ ఆకాశవాణిలో పనిచేయుచు రామాయణ భారతములను ప్రజలకు అర్థమగు తెలుగులో చెప్పి, శ్రోతల ధర్మసందేహములకు సమాధానము లిచ్చి, ఆయన పేరు పొందెను. భద్రాచల కల్యాణమునకు ఆయన చేసిన వ్యాఖ్యానము నాటి శ్రోతలకు నేటికిని జ్ఞాపకమున్నది. ప్రత్యక్ష వ్యాఖ్యానము వ్రాసికొని చదువదగినది కాదు. ఎదుట జరుగుచున్నదానిని చూచుచు, ఆ క్షణముననే మాట కూర్చుకొనవలెను. పందిరి యెట్లున్నదో, జనసమ్మర్ద మెంతయో, అర్చకులు ఏమి చేయుచున్నారో, ఆ క్రియకు అర్థమేమో చెప్పవలెను. అంతకంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. మంత్రము వినబడవలసినపుడు, మంగళవాద్యము మ్రోగుచున్నపుడు వ్యాఖ్యాత ఊరకుండవలెను. ఆ మౌనము కూడ వ్యాఖ్యానములో భాగమే. ఎక్కువ మాటలాడువాడు మంచి వ్యాఖ్యాత యగునని తలచుట పొరపాటు. శ్రోతకు కావలసిన మాటను కావలసినపుడు చెప్పి తొలగిపోవువాడే మంచి వ్యాఖ్యాత.

కల్యాణము ఏటికొక దినము జరుగును. తక్కిన దినములలో ఈ సీమవారికి దగ్గఱి మాట కావలసియుండెను. విజయవాడ, హైదరాబాదు కేంద్రములు రాష్ట్రమంతటికిని చెప్పును. చర్ల సంతలో మిరపధర యెంతయో, ఏ వాగు పొంగినదో అవి ప్రతిదినము చెప్పజాలవు. ఈ కొఱత తీర్చుటకే ఆకాశవాణి స్థానిక కేంద్రములను నెలకొల్పెను. వానిలో మొదటిది 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో వెలసెను. ఆ వరుసలో కొత్తగూడెమునకు కూడ ఒక కేంద్రము వచ్చెను. కొత్తగూడెము సింగరేణి బొగ్గుగనుల పట్టణము. భద్రాచలమునకు దాదాపు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. ఈ కేంద్రముయొక్క శ్రోతలు నానావిధములవారు. రాత్రి వంతు ముగించి గనిలోనుండి పైకి వచ్చిన కార్మికుడు ఒకడు. ప్రత్తికి మందు చల్లబోవు రైతు ఒకడు. తునికాకు కోసి కట్టలు కట్టుచున్న గిరిజన స్త్రీ ఒకతె. వీరందరికిని ఒక్క కంఠమే ప్రొద్దుట పలుకరింపవలెను.

ఇటువంటి కేంద్రములు ఎఫ్.ఎం. పద్ధతిలో ప్రసారము చేయును. ఈ పద్ధతిని 1933లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రూపొందించెను. దీనిలో ఉఱుములు మెఱుపుల గరగర శబ్దము మిక్కిలి తక్కువ. పాట స్వచ్ఛముగా వినబడును. కాని దీని తరంగములు ఇంచుమించు తిన్నగా పోవును. నడుమ కొండ అడ్డమువచ్చినచో దాని చాటుననున్న గూడెమునకు ధ్వని క్షీణించును. మధ్యతరంగములు అట్లు కాదు. అవి నేలను అంటిపెట్టుకొని దూరము పోవును. రాత్రివేళ ఆకాశముపైనున్న విద్యుత్పొరలను తాకి మరల నేలకు దిగివచ్చును. అందువలననే పూర్వము రాత్రిపూట దూరదేశపు కేంద్రములు కూడ వినబడుచుండెను. కొండలు గల సీమలో ఎఫ్.ఎం. మాట ప్రతియింటికి చేరవలెనన్నచో కేంద్రము దగ్గఱగా నుండవలెను.

ప్రకటనకర్త పనిచేయు గదిని స్టూడియో యందురు. దాని గోడలు బయటి శబ్దమును లోనికి రానీయవు, లోపలి శబ్దమును ప్రతిధ్వనింపనీయవు. ఎదుట మైకు, ప్రక్కన మీటలు గల బల్ల, చెవులకు హెడ్‌ఫోను, గోడమీద గడియారము ఉండును. ఎఱ్ఱదీపము వెలిగినదనిన మైకు తెఱచియున్నదని అర్థము. అప్పుడు కాగితము త్రిప్పిన చప్పుడు సైతము గూడెముదాక పోవును. తొలిదినములలో రికార్డు నిమిషమునకు 78 మారులు తిరిగెడిది. ఒకవైపు పాట మూడు నిమిషములకు కొంచెము పైన మాత్రమే యుండెడిది. అది ముగియులోపల రెండవ రికార్డును సిద్ధము చేసి, ముల్లును సరిగా గాడిలో నిలిపి, తరువాతి మాట నాలోచించుకొనవలెను. తరువాత పెద్ద రికార్డులు, టేపులు, సీడీలు వచ్చెను. నేడు పాటలన్నియు కంప్యూటరులో నుండును. చేతిపని తగ్గినది. కాని గడియారము మాత్రము తగ్గలేదు. ఏడు గంటలకు రావలసిన వార్త ఏడు గంటలకే రావలెను. ఒక్క పది సెకనులు ఏ ధ్వనియు లేకపోయినచో శ్రోత తన రేడియో చెడిపోయినదేమో యని దానిని తట్టి చూచును.

ఒక గంట కార్యక్రమమునకు ముందు అంతకంటె ఎక్కువకాలము సిద్ధపడవలసియుండును. పాట యే చిత్రములోనిది, వ్రాసినవా రెవరు, బాణీ కట్టినవా రెవరు, పాడినవా రెవరు అను విషయములు తప్పులేక తెలిసికొనవలెను. ఒక కవి పాటను మఱియొక కవికి అంటగట్టుట చిన్న తప్పుగా తోచవచ్చును. వ్రాసినవాని సొత్తును మాటతో దొంగిలించుట అది. ఊరిపేర్లు ఆ యూరివారు పలుకునట్లు పలుకవలెను. ళకారమునకును లకారమునకును, శకారమునకును సకారమునకును గల భేదము చెవికి తెలియవలెను. కంఠము మధురముగా నుండుట మేలే. కాని మాధుర్యముకంటె స్పష్టత ముఖ్యము, స్పష్టతకంటె సత్యము ముఖ్యము.

సత్యము ముఖ్యమనుట యెంత నిజమో వర్షాకాలమున గోదావరి తెలుపును. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి నదులు వరదనీటిని గోదావరిలోనికి తెచ్చును. దిగువన కూనవరము వద్ద శబరి వచ్చి కలియును. గోదావరి నిండుగా నున్నపుడు శబరినీరు పోవుటకు దారిలేక వెనుకకు తన్ని ఊళ్లమీదికి వచ్చును. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులు చేరగనే మొదటి ప్రమాదహెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ప్రకటింతురు. 1986 ఆగస్టు 16వ తేదీన నీరు 75.6 అడుగులవరకు లేచెను. 2022 జూలై 16వ తేదీన 71.3 అడుగులు చేరెను. అట్టి దినములలో రోడ్లు మునుగును, కరెంటు పోవును, సెల్‌ఫోను స్తంభములు పనిచేయవు. బ్యాటరీతో నడచు చిన్న రేడియో మాత్రము పలుకుచుండును. ఊరిబడిలోనో, ఎత్తైన దిబ్బమీదనో తలదాచుకొన్న కుటుంబమునకు ఆ మాటయే ఆధారము.

ఆనాడు ప్రకటనకర్త నోట ఒక అంకె తప్పిపోయినచో ఏమి కావచ్చునో ఆలోచింపవలెను. ఉదాహరణకు, గోదావరి తగ్గుముఖము పట్టినదని మాత్రమే చెప్పినచో వినినవాడు గొడ్లను తోలుకొని ఇంటిదారి పట్టవచ్చును. ఆ మాట అబద్ధము కాదు. అయినను అది ప్రాణాంతకము కావచ్చును. "ఉదయము ఆరు గంటలకు నీటిమట్టము 58 అడుగులు. రాత్రికంటె ఒక అడుగు తగ్గినది. కాని యింకను మూడవ ప్రమాదహెచ్చరికకు ఐదడుగులు పైననే యున్నది. శిబిరములలో నున్నవారు ఇండ్లకు పోరాదు" అని చెప్పినచో ఆ మాట పూర్తియగును. ఏ సమయమున కొలిచిరో, ఏ యధికారి చెప్పెనో, వినువారు ఏమి చేయవలెనో ఈ మూడును లేని వరదవార్త అసంపూర్ణము. గాలివార్తను నమ్మి ఆనకట్ట తెగినదని చెప్పినచో చీకటిలో జనులు పరుగెత్తి ఏటిలో పడుదురు. భయపెట్టు గొంతుతో చెప్పినను అంతే. అట్టి గడియలో నెమ్మదిగా, స్పష్టముగా, ఒకే విషయమును రెండుమూడు మారులు చెప్పవలెను. ప్రతిదినము ప్రొద్దుట సరియైన సమయము చెప్పి, సరియైన ధర చెప్పి, సరియైన పేరు చెప్పి సంపాదించుకొన్న నమ్మకము వరదనాడు అక్కఱకు వచ్చును. ఆ నమ్మకమును ఒక్కదినములో సంపాదించుట యెవ్వరికిని సాధ్యము కాదు.

సత్యమైన మాటయు శ్రోత భాషలో లేనిచో నిష్ఫలమగును. కోయభాష ద్రావిడ కుటుంబమునకు చెందినది, గోండీకి దగ్గఱ చుట్టము. తెలుగులో ఏరు అనగా ప్రవహించు వాగు లేక నది. కోయలో దాదాపు అదే మాటకు నీరు అని యర్థము. చెవికి ఒకటిగా వినబడు మాట రెండు భాషలలో రెండు విషయములను తెలుపుచున్నది. నీటిమట్టము, పునరావాసము, అప్రమత్తత వంటి గ్రంథభాష గూడెపు ముసలివానికి మఱింత దూరము. కనుక గిరిజనసీమలోని రేడియోకు గిరిజనుల భాష తెలిసిన కంఠములు కావలెను. కోయభాషలో అచ్చైన పుస్తకములు మిక్కిలి కొద్ది. పత్రిక నడుపవలెనన్న లిపియు, అచ్చుయంత్రమును, చదువరులును కావలెను. రేడియోకు ఇవియేవియు అక్కఱలేదు. నోరును చెవియు నున్న చాలును. వ్రాతకు నోచుకొనని భాషలకు రేడియో సహజమైన నెలవు.

సరిహద్దుకు ఆవల ఛత్తీస్‌గఢ్‌లో ఈ సత్యమును గ్రహించినవారు కలరు. బి.బి.సి.లో పనిచేసిన శుభ్రాంశు చౌధరి 2010లో సీజీనెట్ స్వర అను ఏర్పాటును ప్రారంభించెను. అడవిలోనివారు సెల్‌ఫోనుద్వారా తమ మాటను గోండీలోనో, హిందీలోనో పలికి నమోదు చేయుదురు. దానిని సరిచూచిన పిదప ఇతరులు ఫోనులోనే వినవచ్చును. ఊరి పంపు చెడినదనియు, కూలి డబ్బు రాలేదనియు, ఉపాధ్యాయుడు లేడనియు వారు తమ నోటనే చెప్పుకొనిరి. వినువాడే పలుకువాడైనపుడు మాటకు బలము హెచ్చును.

తెలంగాణములోనే మఱొక చక్కని దృష్టాంతము కలదు. జహీరాబాదు సమీపమున మాచనూరు గ్రామములో 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో ప్రారంభమయ్యెను. దీనిని నడపినవారు దళిత రైతుస్త్రీలు. ఆల్గోలు నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అను ఇరువురు స్త్రీలు రికార్డు చేయుట, కూర్పు చేయుట, ప్రసారము చేయుట అన్నియు నేర్చుకొని నిర్వహించిరి. విత్తనములు, తిండిగింజలు, పండుగపాటలు, స్త్రీల కష్టసుఖములు వారు తమ యూరి తెలుగులోనే చెప్పిరి. ఈ కేంద్రమును ప్రారంభించిన న్యాయమూర్తి పి.బి. సావంత్ 1995లో సుప్రీముకోర్టున ఒక ముఖ్యమైన తీర్పు చెప్పినవారిలో నొకడు. ప్రసారమునకు వాడు రేడియో తరంగములు ప్రజల యాస్తియని ఆ తీర్పు నిర్ణయించెను. ఆ తరువాతనే విద్యాసంస్థలకును, 2006నుండి ప్రజాసంఘములకును సమాజ రేడియోలు నడపు ననుమతి లభించెను. న్యాయస్థానములో పలికిన మాట పదమూడేండ్లకు పల్లెటూరి స్త్రీ కంఠమై వినబడెను.

ఈ వృత్తిలో ప్రవేశింపగోరువారికి దారులు పలుతెఱగులు. ఆకాశవాణివారు వ్రాతపరీక్షయు, స్వరపరీక్షయు జరుపుదురు. స్వరపరీక్షలో అభ్యర్థికి వార్తయో, ప్రకటనయో ఇచ్చి చదివింతురు. ఉచ్చారణ, ఊపిరి నిలుపుదల, సమయస్ఫూర్తి చూతురు. స్థిరోద్యోగములు కొద్ది. నెలకు కొన్ని దినములు మాత్రమే పిలువబడి, చేసిన వంతుల లెక్కన ప్రతిఫలము పొందువారు పెక్కుమంది. అందువలన చాలమంది ఉపాధ్యాయులుగనో, పాత్రికేయులుగనో, మఱొక పనియందుండియో ఈ పని చేయుచుందురు. ఈ సంగతి తెలిసి ప్రవేశించువారికి నిరాశ కలుగదు. పట్టణములలో ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు కలవు. వానిలో మొదటిది 2001లో బెంగళూరున ప్రారంభమయ్యెను. హైదరాబాదునకు అవి 2006లో వచ్చెను. అచ్చట జీతము హెచ్చు, చమత్కారమునకు విలువ హెచ్చు. 2024లో కేంద్ర ప్రభుత్వము మఱి 234 పట్టణములలో ప్రైవేటు కేంద్రములకై 730 ప్రసారమార్గములను వేలము వేయుటకు అనుమతించెను. కాని ప్రైవేటు కేంద్రములు తమంతట తాము వార్తలు సేకరించి చెప్పుటకు అనుమతి లేదు. వరదనాటి మాటకు ఆకాశవాణియే దిక్కు.

సెల్‌ఫోనులో కోరిన పాట కోరినపుడు వినగల యీ కాలమున ఈ మనిషి యెందులకని కొందరడుగవచ్చును. పాటను యంత్రము వినిపింపగలదు. అడుగని మంచిమాటను సమయమునకు చెప్పుట, పరిచయము లేని ఇరువురిని ఒక్కపాటతో కలుపుట, ఒంటరివానికి తోడుగా నుండుట మనిషి పనులు. గని లోతునుండి వచ్చిన కార్మికుడును, మంచెమీది రైతును ఒకే గడియలో ఒకే మాట విని నవ్వినచో వారు ఒక యూరివారైనట్లే. అట్టి యూరు ఏ పటములోను కనబడదు. దానిని కట్టినది కంఠము.

గూడెములలో పుట్టి రెండు భాషలు, మూడు భాషలు మాటలాడుచు బడికి వచ్చు బాలబాలికలకు ఈ వృత్తి తగినది. కోయ మాటలాడు పిల్ల తెలుగు తడబడుచు చదివినచో తోడివారు నవ్వుట కలదు. ఆ నవ్వు తప్పు. ఆ పిల్లకు తెలిసిన రెండవ భాష కొఱత కాదు, సంపద. గోదావరి పొంగిన రాత్రి ఆ భాషలో ఒక్క వాక్యము స్పష్టముగా చెప్పగలవారు పట్టణములలో వెదకినను దొరకరు. ఆ వాక్యము విని ఒక కుటుంబము మిట్టకు ఎక్కినచో, అది చెప్పిన కంఠము ఎవరిదో వారు ఎన్నటికిని తెలిసికొనకపోవచ్చును. చెప్పినవారికిని వినినవారెవరో తెలియకపోవచ్చును. ఒకరినొకరు ఎఱుగని యీ యిరువురి నడుమ నిలిచియుండు నమ్మకమే ప్రకటనకర్తయొక్క నిజమైన సంపాదన.